మూత తిరిగిన కప్పు

ఫుడ్ సైన్స్ చదివినవాళ్ళు ఖాళీగా కూర్చునే రోజు రాదని, యూనివర్సిటీలో పిల్లల్ని చేర్చుకునే రోజున ఒక పెద్దమనిషి వేదికెక్కి చెప్పాడు. మనుషులు సినిమాలు మానేస్తారేమో, చర్చి మానేస్తారేమో గానీ తిండి మాత్రం మానరన్నాడు. ముందు వరసల్లో తల్లిదండ్రులు నవ్వారు. వెనక వరసలో, ఎన్ని ఉతుకులకీ ఆవుల షెడ్డు వాసన వదలని కోటు వేసుకుని కూర్చున్న డెస్ కూడా నవ్వి, పక్కనున్న కూతురు కీలీ మోకాలి మీద చిన్నగా తట్టాడు.

పెద్దమనిషి అబద్ధం చెప్పలేదు. తిండి ఎవరూ మానలేదు. ఉద్యోగాలూ అందరికీ దొరికాయి. కీలీతో పాటు పట్టా పుచ్చుకున్నవాళ్ళలో ఒకడు, చిప్ కొరికితే ఎంత చప్పుడు రావాలో కొలుస్తున్నాడు. ఒకతె కుక్కల తిండి చేసే చోట చేరింది. కుక్క ఏదైనా తింటుంది, డబ్బా తెరిచే యజమానికి కడుపులో తిప్పకుండా చూడటం ఆమె పని. ఇంకొకడు నిమ్మకాయ మొహం చూడని నీళ్ళకి నిమ్మ రుచి అమ్మి కారు కొనుక్కున్నాడు. క్లాసులో అందరికంటే తెలివైనవాడు, పెరుగు డబ్బా మూత మీద తేదీని ఎంత దూరం జరిపితే జనం ఆస్పత్రి పాలు కాకుండా ఉంటారో లెక్కగట్టి బహుమతి కొట్టేశాడు.

కీలీకి, ఆమె స్నేహితురాలు బ్రైడీకి హాప్‌కిర్క్ డైరీలో దొరికింది. విక్టోరియా పడమటి మూల, కెరాంగ్‌వేల్ అనే ఊళ్ళో. అక్కణ్ణుంచి సముద్రం కనబడదు గానీ దాని గాలి మాత్రం ఏడాది పొడుగునా చెంపలు వాయిస్తూనే ఉంటుంది. ఇద్దరూ శిక్షణలో ఉన్నవాళ్ళు. వేసవి వచ్చేసరికి ఇద్దరిలో ఒక్కరినే ఉంచుకుంటారు. ఆ సంగతి మొదటిరోజే చెప్పేశారు, టీ కప్పులు ఎక్కడుంటాయో చెప్పినంత తేలిగ్గా.

ఉంచుకోకపోతే బ్రైడీకి ఏమీ కాదు. వాళ్ళమ్మకి మెల్‌బోర్న్‌లో పళ్ళ ఆస్పత్రి ఉంది. కీలీకి మాత్రం నాన్న షెడ్డు ఉంది. అది కూడా నాన్నది కాదు. పరాయివాడి ఆవులు, పరాయివాడి షెడ్డు. చీకటితో లేచి, రబ్బరు బూట్లు తొడుక్కుని, తోక దెబ్బలు తింటూ ఆవు పొదుగులకి యంత్రం గొట్టాలు తగిలించడం. చిన్నప్పుడు సెలవులన్నీ అందులోనే పోయాయి. చేతులు వంకర్లు పోయిన తండ్రిని చూసినప్పుడల్లా ఆమె తన చేతుల్ని జేబుల్లో దాచుకునేది. ఆ షెడ్డులో మళ్ళీ కాలు పెట్టకూడదు. ఆమె చదువంతా ఆ ఒక్క కోరిక మీద నడిచింది.

డెస్ మాత్రం పబ్బులో కూర్చుని అందరికీ చెప్పేవాడు. "మనం పాలు పిండితే జీతం. మా కీలీ పాలు తాగితే జీతం. ముక్కుతో బతుకుతోందిరా నా కూతురు."

అది నిజమే. కీలీ ముక్కు యూనివర్సిటీలో పేరు పడ్డ ముక్కు. గోధుమరంగు సీసాలు వరసగా పెట్టి, ఇది అట్ట వాసన, ఇది పాత కొవ్వు వాసన, ఇది చేప వాసన అని నేర్పుతుంటే, మిగతావాళ్ళు తడుముకునేవాళ్ళు. కీలీ సీసా మూత పూర్తిగా తియ్యకముందే చెప్పేది. పాలు చప్పరించి, ఆవు ఉల్లికాడలు మేసిందో లేదో చెప్పేది.

ఆ చలికాలం బ్రైడీ ఫుట్‌బాల్ క్లబ్బు విందుకి వెళ్ళి జ్వరం తెచ్చుకుంది. అద్దె ఇంట్లో ఇద్దరూ కలిసే ఉంటారు కాబట్టి కీలీకీ అంటుకుంది. బ్రైడీ లేచి తిరిగింది. కీలీ కూడా లేచింది గానీ ముక్కు లేవలేదు.

పైకి ఏమీ తేడా లేదు. గాలి లోపలికి పోతోంది, బయటికి వస్తోంది. అందులో ఏమీ ఉండటం లేదు, అంతే. కాఫీ చేదుగా ఉన్న వేడినీళ్ళు. రొట్టె తడిసిన అట్ట. నాలుకకి ఉప్పు తెలుస్తుంది, తీపి తెలుస్తుంది, ఆ పైన గోడ. డాక్టరు కొందరికి తిరిగి వస్తుందన్నాడు. ఎందరికి అని ఆమె అడగలేదు.

బ్రైడీకి ఎలా తెలిసిందంటే, ఒకరోజు వంటింట్లో రొట్టె మాడి పొగ కమ్ముకుంటుంటే, కీలీ ఆ పక్కనే బల్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటోంది.

"ఒసే, కొంపంటుకుంటోంది! ముక్కు గాని ఊడిపోయిందా ఏంటే?" అంటూ పరుగెత్తుకొచ్చి బ్రైడీ టోస్టర్ తీగ లాగేసింది. నవ్వుతూనే వెనక్కి తిరిగింది. కీలీ మొహం చూసి నవ్వు ఆపేసింది.

"ఎప్పట్నుంచి?"

"నీ జ్వరం దగ్గర్నుంచి."

బ్రైడీ కుర్చీలో కూలబడింది. నీ జ్వరం అన్న మాట ఎక్కడ గుచ్చాలో అక్కడే గుచ్చింది. కీలీ కావాలనే ఆ మాట వాడింది.

రుచి చూసే గదిలో పద్ధతి ఇలా ఉంటుంది. టెలిఫోను పెట్టెల్లాంటి చిన్న అరలు. రంగు చూసి మోసపోకుండా ఎర్రదీపం. ఎదురుగా గోడకి ఒక చిన్న కిటికీ. దాని తలుపు పైకి లేస్తుంది, ట్రే లోపలికి జారుతుంది, జవాబు చెప్పాక ట్రే వెనక్కి పోతుంది, తలుపు దిగుతుంది. ట్రే మీద మూతలున్న మూడు కప్పులు. రెండింటిలో ఒకటే సరుకు, మూడోదానిలో వేరేది. వేరేది ఏదో చెప్పాలి. తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పి తీరాలి, తెలియదు అనడానికి లేదు. గోడకి అవతల కప్పులు సర్దేది బ్రైడీ. ఇవతల తాగేది కీలీ.

ప్రతి మూతకీ వేలితో ఎత్తడానికి చిన్న నాలుకలాంటి అంచు ఉంటుంది. అదే ఇద్దరూ గుట్టుగా అనుకున్న గుర్తు. ఆ అంచు కీలీవైపు ఉంటే మామూలు కప్పు. గోడవైపు తిరిగి ఉంటే అదే వేరేది.

"ఇది దొంగతనమే," అంది బ్రైడీ మొదటిసారి.

"ముక్కు తిరిగొచ్చేదాకానే."

వసంతం వచ్చింది, ముక్కు రాలేదు. కీలీ ఒక్క కప్పు కూడా తప్పు చెప్పలేదు. అలా తప్పు చెప్పకపోవడమే తప్పయింది. ఎంత గొప్ప ముక్కయినా అప్పుడప్పుడూ పొరబడుతుంది. ఆ మాత్రం ఇద్దరికీ తట్టలేదు. రుచి చూసే విభాగం పెద్ద రాస్ హాడోకి తట్టింది.

హాడో కూడా అదే యూనివర్సిటీలో అదే చదువు చదివినవాడు. నున్నటి గెడ్డం, ఇస్త్రీ చొక్కా. ఎవరినైనా ఉద్యోగం లోంచి తీసేసేముందు వాళ్ళకి తన చేతులతో టీ కలిపి ఇచ్చే అలవాటు ఉంది అతనికి. అతను టీ కలుపుతున్నాడంటే డైరీలో అందరూ ఎవరికా అని తొంగిచూసేవాళ్ళు.

ఒక పొద్దున హాడో బ్రైడీని ఏదో పని మీద గోదాముకి పంపేసి, ట్రేలు తనే సర్దాడు. కీలీకి ఆ సంగతి తెలియదు. ఎర్రదీపం కింద కూర్చుంది. తలుపు లేచింది, ట్రే జారింది. మధ్య కప్పు మూత అంచు గోడవైపు తిరిగి ఉంది. ఆమెకి ప్రాణం కుదుటపడింది.

నాటకం మామూలుగానే ఆడింది. మూత ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. గుక్క తీసుకుని నోట్లో తిప్పి తొట్లో ఉమ్మింది. బిస్కట్టు ముక్క కొరికింది. రెండో కప్పు, మూడో కప్పు. పక్క అరలో జమాఖర్చుల విభాగం లొరెయిన్ ఉంది, మనుషులు చాలనప్పుడు ఆమెని పిలుస్తారు. "ఓరి దేవుడో!" అని ఒక కేక, కుర్చీ పడ్డ చప్పుడు, తలుపు దడాలున మూసుకున్న చప్పుడు. లొరెయిన్‌కి ఒంట్లో బాగాలేదేమో అనుకుంది కీలీ.

"మధ్యది," అంది గట్టిగా. "కొంచెం తేడా ఉంది. మిగతా రెండూ శుభ్రంగా ఉన్నాయి."

తలుపు దిగలేదు. కిటికీలో బ్రైడీ చేతులకి బదులు హాడో మొహం ప్రత్యక్షమైంది. ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

"శుభ్రంగా ఉన్నాయా?"

"ఉన్నాయి."

"తొందరేం లేదమ్మా. ఇంకోసారి చూసి చెప్పు."

కీలీ ఇంకోసారి తాగింది. నమ్మకంగా కనబడాలని ఈసారి ఉమ్మకుండా మింగేసింది. "మధ్యదే, రాస్. అనుమానం లేదు."

"మూడూ ఒకటే," అన్నాడు హాడో. "పోయిన ఏడాది డ్రమ్ము అడుగున మిగిలిన చేపనూనె. పాలల్లో గిలక్కొట్టి పోశా. ఆ డ్రమ్ము తెరిచినతను నిన్న తిన్నదంతా కక్కుకున్నాడు. పాపం లొరెయిన్ ఇంకా బయటే ఉంది. నువ్వేమో మింగావు కూడాను."

వాసన తెలియకపోయినా ఆ మాట వినగానే కీలీ కప్పుని అవతలికి నెట్టేసింది. తొట్టి పట్టుకుని వంగింది. హాడో కిటికీలోంచి చూస్తూనే ఉన్నాడు. ఆమె మొహం తుడుచుకునేదాకా ఆగి, ఎప్పుడూ లేనంత మెత్తగా అన్నాడు.

"మీ నాన్న డెస్ కదూ? పబ్బులో అంటుంటాడు, నా కూతురు ముక్కుతో బతుకుతోందని. నేనూ విన్నా. చాలాసార్లు విన్నా."

"రాస్, నాకు జ్వరం వచ్చి..."

"తెలుసు. మూతల సంగతీ తెలుసు. ఆ రెండో అమ్మాయి తిప్పుతుందనీ తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నిన్ను పంపెయ్యాలి కదా. నాకు నిన్ను పంపాలని లేదు." హాడో చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మంచి ముక్కులకేం కరువు? యూనివర్సిటీ ఏటా ఒక బండెడు తోలుతుంది. ఏం వాసన వస్తోందో చెప్పేవాళ్ళు నాకు ఎక్కువైపోయారు. రా, టీ కలుపుతా."

టీ అనగానే ఆమె తన కోటు ఎక్కడుందా అని చూసుకుంది. కానీ అది ఆ టీ కాదు. అంతకంటే పాడుది.

చంటిపిల్లల పాలపొడి, ఒకే విడతలో చేసిన పెద్ద లాటు, గోదాములో ఆగి ఉంది. అందులో చేపనూనె కలుపుతారు, పిల్లల బుర్రలకి మంచిదని డబ్బా మీద బొమ్మ కూడా ఉంటుంది. ఆ నూనె పాడైంది. యంత్రం లెక్కలో మాత్రం పొడి మంచిదే. నూనె పాడవడం మొదలైనప్పుడు యంత్రానికి దొరుకుతుంది, బాగా పాడైపోయాక ఆ గుర్తు కరిగిపోయి మళ్ళీ మంచిదానిలా కనిపిస్తుంది. అది రెండో ఏడాదిలోనే చెప్పే పాఠం. అందుకే చివరి మాట మనిషి ముక్కుకి వదిలేశారు. హాడో, కీలీ ఆ పనికి నియమించిన ముక్కులు. మంచి పొడి కలిపిన రెండు కప్పుల మధ్య ఈ పొడి కలిపిన కప్పుని ఇద్దరిలో ఏ ఒక్కరు పట్టుకున్నా లాటు ఆగిపోవాలి.

"నాకు ఎలాగూ తెలియదు," అన్నాడు హాడో టీలో పాలు పోస్తూ. "నాకు జలుబు. నీకేం తెలుస్తుందో నేను చెప్పను. నీ ఇష్టం. కాకపోతే ఉద్యోగం ఒకటే, మీరిద్దరు. బిస్కట్టు తీసుకో."

ఆ మధ్యాహ్నమే బ్రైడీ ఆ పాలపొడి డబ్బా ఒకటి చేత్తో పట్టుకుని హాడో గదిలోకి దూసుకొచ్చింది. కీలీ ఇంకా అక్కడే ఉంది.

"ఇది చూడండి. మూత తీస్తే చేపల రేవులో ఉన్నట్టుంది."

"యంత్రం బాగుందంటోంది."

"యంత్రం ఎందుకంటోందో మీకూ తెలుసు, రాస్."

"తాగితే పిల్లలు చస్తారా?"

"చావరు. తాగరు."

"తాగకపోతే తల్లులు పంచదార కలుపుకుంటారు. అది సముద్రం అవతల దీవులకి వెళ్ళే సరుకు. అక్కడివాళ్ళకి చేప అలవాటేగా!" తన మాటకి తనే నవ్వుకుని హాడో లేచాడు. "నీ ఒక్క ముక్కు చాలదమ్మా. రేపు పద్ధతి ప్రకారం చూద్దాం. ట్రే నువ్వే సర్దు."

ఆ సాయంత్రం బ్రైడీ సాసేజీలు వేయిస్తూ, గరిటె ఊపుతూ అరుస్తూనే ఉంది.

"పొడి పంపిస్తాడట! చంటిపిల్ల మొహం తిప్పేసుకుంటే, మొండిదని తల్లి చెంప మీద ఒకటేస్తుంది. ఈయనేమో ఇక్కడ ఇస్త్రీ చొక్కా వేసుకుని టీ కలుపుతాడు."

కీలీ పళ్ళెం వంక చూస్తోంది.

"వింటున్నావా? ఎప్పట్లాగే మూత తిప్పుతా. నువ్వు చూసి ఆ కప్పు అను. అంతే. నీకు పోయేదేముంది?"

కీలీకి ఏం పోతుందో బ్రైడీకి తెలియదు. హాడోకి అంతా తెలుసన్న సంగతి కీలీ చెప్పలేదు. చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ సాసేజీ పెట్టుకుంది.

"ఇన్నాళ్ళూ నీ కోసం తిప్పానే," అంది బ్రైడీ. "అడిగానా ఎప్పుడైనా?"

"సరేలే. చూసి చెబుతా."

"బాగుందా సాసేజీ?"

"బాగుంది."

"పిచ్చిదానా, నీకెలా తెలుస్తుంది?" బ్రైడీ నవ్వి, ఆమె జుట్టు చెదరగొట్టింది.

మర్నాడు పక్క అరలోంచి హాడో దగ్గు వినిపించింది. జలుబు చేసినవాడి దగ్గు అలా ఉండదు. అతను తన వంతు ముందే కానిచ్చి, కావాలనే తప్పు కప్పు చెప్పి, బయటికి వెళ్ళి కిటికీకి అవతల, బ్రైడీ వెనక నిలబడ్డాడు. కీలీ ఎదుట తలుపు లేచింది. ట్రే జారింది.

మూడో కప్పు మూత తిరిగి ఉంది. ఎప్పటికంటే స్పష్టంగా తిరిగి ఉంది. గుడ్డివాడికి కూడా కనబడేలా తిప్పింది బ్రైడీ.

కీలీ మొదటి కప్పు తాగింది, ఏమీ లేదు. రెండోది, ఏమీ లేదు. మూడోది కూడా అంతే. పాలు కాసింత తియ్యగా, కాసింత గోరువెచ్చగా ఉన్నాయి. ఆ మూడో కప్పుకి మొహం తిప్పుకునే పిల్ల ఎలా ఉంటుందో ఊహించబోయింది. పిల్ల రాలేదు. రబ్బరు బూట్లు వచ్చాయి, తోక వచ్చింది, నాన్న వేళ్ళు వచ్చాయి. నాకు వాసన రావడంలేదు కదా, అబద్ధం ఎలా అవుతుంది అనుకుంది. ఆమె ముక్కు పోయినందుకు సంతోషించింది అప్పుడొక్కసారే.

"మొదటిది," అంది.

కిటికీలో ట్రే అందుకోబోయిన చెయ్యి ఆగిపోయింది. మాట్లాడకూడదన్నది అక్కడి నియమం. బ్రైడీ మాట్లాడలేదు. చూపుడువేలితో మూడో మూత మీద ఒకసారి తట్టింది. మళ్ళీ తట్టింది. గోరు తెల్లబడేలా నొక్కిపెట్టింది.

"మొదటిదే," అంది కీలీ, ఆ వేలి వంక చూస్తూ.

ట్రే వెనక్కి పోయింది. తలుపు దిగింది.

కప్పులు కడిగే తొట్టి దగ్గర బ్రైడీ ఆమె చెయ్యి పట్టుకుంది. "మూత చూశావా?"

"చూశా."

బ్రైడీ కాసేపు ఆ మొహంలో ఏదో వెతికింది. తర్వాత తిరిగి, గుమ్మంలో నిలబడ్డ హాడో మీద విరుచుకుపడింది. "దీనికి ముక్కే లేదు! చలికాలం నుంచీ లేదు. కావాలంటే ఇప్పుడే ఏదైనా పెట్టి చూడండి!"

"అవునా?" హాడో కనుబొమలు ఎగరేశాడు. "మరి ఇన్నాళ్ళూ ఒక్కటీ తప్పు చెప్పలేదే! ఎలా చెప్పగలిగిందంటావు?"

బ్రైడీ కీలీ చెయ్యి వదిలేసింది.

"చెప్పమ్మా. పై ఆఫీసువాళ్ళని కూడా పిలుస్తా. ట్రేలు సర్దింది ఎవరో వాళ్ళకీ చెబుదువుగాని. ఆ తర్వాత ఈ దేశంలో నిన్ను ఏ పాల కంపెనీ గడప తొక్కనిస్తుందో నేనూ చూస్తా."

కుళాయిలోంచి నీళ్ళు పోతూనే ఉన్నాయి. బ్రైడీ దాన్ని కట్టేసింది. చేతులు తుడుచుకుంది. హాడో వెళ్ళి టీ కలపడం మొదలెట్టాడు. ఈసారి అది ఆ టీయే. బ్రైడీ దాన్ని ముట్టుకోకుండా కోటు తీసుకుంది. పోతూ పోతూ కీలీ దగ్గర ఆగింది.

"ఆ జ్వరం నీకు నేనే తెచ్చానని ఎన్నిసార్లు ఏడ్చానో నీకు తెలియదు. అది ముక్కు ఒక్కటే పట్టుకుపోయిందనుకున్నా."

అద్దె ఇంట్లో బ్రైడీ గది ఆ వారంలోనే ఖాళీ అయింది. సరుకు ఓడ ఎక్కింది. ఆ తర్వాత దీవుల్లోంచి ఒక డబ్బా తిరిగొచ్చింది, పిల్లలు తాగడంలేదు, చూడండి అని. చూడమని కీలీకే ఇచ్చారు. ఆమె చూసింది. బాగుందని చెప్పింది.

బ్రైడీ కుక్కల తిండి చేసే చోట చేరిందని విన్నారు. అక్కడ ఆమె ముక్కుకి మంచి పేరట. వాసన తేడాగా ఉందని ఆమె ఒక్కమాట అంటే లాటు మొత్తం పారబోస్తారట.

కీలీ ఉద్యోగం ఖాయమైంది. డెస్ పబ్బులో అందరికీ బీరు పోయించాడు. వచ్చే ఏడాది పిల్లల్ని చేర్చుకునే రోజున వేదికెక్కి నాలుగు మాటలు చెప్పమని యూనివర్సిటీ వాళ్ళు అడిగారు, ఆమె వస్తానంది. షెడ్డువైపు వెళ్ళాల్సిన పని లేదు. వెళ్ళినా ఇప్పుడు అది కంపు కొట్టదు.

బ్రైడీ చోటులోకి ఎవరినీ తీసుకోలేదు. ట్రేలు హాడోనే సర్దుతున్నాడు. ఏ కప్పు అనాలో అతను మూత తిప్పి చెబుతాడు, ఆమె అదే అంటుంది. కొన్ని పొద్దుల్లో మాత్రం ఏ మూతా తిరిగి ఉండదు. ఆరోజు కప్పుల్లో ఉన్నది పాలో, డ్రమ్ము అడుగుదో ఆమెకి తెలియదు. కిటికీ అవతల ఒకరో ఇద్దరో మనుషులు ఊపిరి బిగపట్టుకుని ఉన్నట్టు అనిపిస్తుంది. లొరెయిన్ గొంతు, ఎవరిదో అణుచుకున్న నవ్వు.

కీలీ కప్పు ఎత్తుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంటుంది. ఉమ్మితే అనుమానం ఉన్నట్టు అవుతుందని అడుగుదాకా తాగేస్తుంది.

"బాగుంది, రాస్," అంటుంది. "శుభ్రంగా ఉంది."